అడుగు లేని పుట్టి

ఒక నగరంలో ఒక పార్కు ఉండేది. ఆ పార్కులో ఒక పడవవాడు ఉండేవాడు. నీళ్ళు మాత్రం ఉండేవి కావు.

పడవవాడి పేరు పోశెట్టి. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను పొద్దున ఆరింటికి వచ్చి తుమ్మచెట్టుకు కట్టిన పుట్టిని విప్పేవాడు, సాయంత్రం ఆరింటికి మళ్ళీ కట్టేసి వెళ్ళేవాడు. పుట్టి అంటే వెదురుబద్దలతో అల్లిన గుండ్రటి పడవ. చూడ్డానికి పెద్ద గంపలా ఉంటుంది. పచ్చిక మీద ఉన్నదాన్ని కట్టెయ్యడం దేనికని ఎవరైనా అడిగితే, "గాలొస్తే కొట్టుకపోతది" అనేవాడు.

అతని తాత అదే ఉద్యోగం చేశాడు. తండ్రీ అదే చేశాడు. వాళ్ళ కాలంలో అక్కడ బుడగల చెరువు ఉండేది. పోశెట్టి ఈత నేర్చుకున్నది అందులోనే. తర్వాత చెరువు పోయింది గాని, పడవవాడి ఉద్యోగం తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. పై నుంచి ఉత్తర్వు రాలేదు కాబట్టి పోశెట్టి రావడం మానలేదు.

ఏళ్ళ తరబడి గడ్డి మీద ఈడ్వడం వల్ల పుట్టికి అడుగు అరిగిపోయింది. మొదట ఒక చిల్లు పడింది. కొన్నాళ్ళకి చిల్లే మిగిలింది. ఇప్పుడు పుట్టికి అంచు ఉంది, చుట్టూ పక్కలున్నాయి, అడుగు లేదు. నీళ్ళు కూడా లేవు కాబట్టి దానివల్ల ఎవరికీ నష్టం కలగలేదు. ఎక్కినవాళ్ళు లోపల నేలమీదే నిలబడేవాళ్ళు. తలా ఒక చెయ్యి వేసి అంచును నడుము దాకా ఎత్తుకుని నెమ్మదిగా నడిచేవాళ్ళు. పోశెట్టి ముందు నిలబడి తెడ్డు వేసేవాడు. తూర్పు గేటు నుంచి పడమటి గేటుకు ఇరవై నిమిషాల ప్రయాణం.

రోజూ నడవాలని డాక్టర్లు చెప్పినవాళ్ళందరికీ ఆ పడవ బాగా కుదిరింది.

వాళ్ళలో ముఖ్యురాలు వకుళ టీచరు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ ఎప్పుడూ పుట్టిలో ఎడమవైపే నిలబడేది. ఎవరైనా అంచు వదిలేసి చేతులూపుకుంటూ నడిస్తే ఊరుకునేది కాదు. "అందరూ ఒక్కవైపు ఒరిగితే బోల్తా పడతాం. సైన్సు తెలియకపోతే పడవ ఎక్కకూడదు" అనేది.

పోశెట్టి దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. అందులో రెండు గడులు. ఎక్కినవారు, దిగినవారు. ప్రతి ప్రయాణం తర్వాతా అతను ఆ రెండు గడులూ నింపేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ రెండు అంకెలకీ ఎన్నడూ తేడా రాలేదు. అతనికి జీవితంలో గర్వపడ్డానికి వేరే ఏమీ లేదు గాని, అదొక్కటి ఉంది.

ఆ సంవత్సరం పార్కులకు కొత్త అధికారి వచ్చాడు. పేరు నీలకంఠం. చెడ్డవాడు కాడు. ఉన్నది ఉన్నట్టూ లేనిది లేనట్టూ ఉండాలని కోరుకునే మనిషి, అంతే. అలాంటివాళ్ళకి ఆఫీసుల్లో తరచూ తలనొప్పి వస్తుంది.

ఆయన వచ్చిన నెలకే పార్కుకి యాభై ఏళ్ళు నిండాయి. గేటు దగ్గర ఒక రాతిపలక పెట్టి, దాని మీద చెరువు చరిత్ర, పార్కు చరిత్ర చెక్కించమని పై అధికారి చెప్పాడు. నీలకంఠం ఫైలు తెప్పించాడు. ఫైలు మీద దుమ్ము చాలా ఉంది. లోపల ఒకే కాగితం ఉంది. కాగితం మీద ఒకే మాట ఉంది: "చెరువు ఉన్నది."

నీలకంఠం ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగాడు. అందరూ పోశెట్టినే అడగమన్నారు. పోశెట్టి ఎవరని వాకబు చేస్తే, నీళ్ళు లేని పార్కులో పడవవాడనే ఉద్యోగం ఒకటుందని అప్పుడు ఆయనకి తెలిసింది. ఆ మధ్యాహ్నమే ఆయన ఆ ఉద్యోగాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు రాశాడు. సంతకం పెట్టబోయి ఆగాడు. ముందు చరిత్ర అడిగి తెలుసుకుని, ఆ తర్వాత సంతకం పెట్టి ఇద్దామనుకున్నాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అలా అనుకున్నందుకు ఆయనకి కాస్త సిగ్గేసింది. కాని మానుకోలేదు.

మర్నాడు పొద్దున ఆయన పార్కుకి వెళ్ళాడు.

"నువ్వేనా పోశెట్టివి? ఈ చెరువు చరిత్ర కాస్త చెప్పు, రాసుకుంటాను" అన్నాడు.

"ఒడ్డు మీద నిలబడి చెప్తే ఏం తెలుస్తది సారూ? ఎక్కుండ్రి" అన్నాడు పోశెట్టి.

నీలకంఠం పుట్టి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. అడుగు లేదని గమనించాడు. ఎక్కడమంటే కాలెత్తి అంచు దాటి అవతల గడ్డి మీదే నిలబడడమని అర్థం చేసుకున్నాడు. లోపల వకుళ టీచరు, మరో నలుగురు అప్పటికే అంచు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయన తన పేరు చెప్పి ఎక్కాడు. పోశెట్టి రిజిస్టరులో ఆరు అని రాసి, తెడ్డు అందుకున్నాడు.

"ఈ చెరువు ఒక ఏనుగు కోసం తవ్వించిండ్రు సారూ" అని మొదలుపెట్టాడు. "రాజుగారికి ఒక పట్టపుటేనుగు ఉండె. దానికి బిందెలతోని నీళ్ళు తాపిచ్చుడు మర్యాద కాదని రాజు చెరువు తవ్వించిండు. మూడేండ్లు పట్టింది. ఏనుగును తీస్కొచ్చి కట్ట మీద నిలబెట్టిండ్రు. అది నీళ్ళల్ల తన నీడ చూసి ఝడుసుకొని పారిపోయింది. సచ్చేదాక బిందె నీళ్ళే తాగింది. చెరువు మిగిలింది. అందుకని ఊరు తాగింది."

"ఇదంతా ఎక్కడైనా రాసి ఉందా?" అన్నాడు నీలకంఠం.

"ఏనుగు ఝడుసుకున్న సంగతి ఎవరు రాస్తరు సారూ?"

"బాగా అడిగావు పోశెట్టీ. నీలకంఠంగారూ, అంచు కాస్త పైకెత్తండి, నీళ్ళు లోపలికొస్తాయి" అంది వకుళ టీచరు.

నీలకంఠం అంచు పైకెత్తాడు.

"తర్వాత ఒక దొరసానికి చెరువు చూడబుద్ధయింది" అన్నాడు పోశెట్టి. "నిలబడి చూడాలంటే జాగ కావాలె గద. ఒడ్డున నాలుగు పూలమొక్కలు పెట్టి, బెంచీ ఏసి, పార్కు అన్నరు. పార్కు చెరువును అడిగింది: కొంచెం సర్దుకోమ్మా, కూసుంట. చెరువు మంచిది సారూ. సర్దుకుంది. బస్సుల ముగ్గురు కూసునే సీట్ల నాలుగో మనిషొస్తే సర్దుకోమా? గట్లనే. పార్కు ముందు కూసుంది. తర్వాత కాళ్ళు చాపింది. తర్వాత నడుం వాల్చింది. అటెన్క రోడ్డొచ్చింది. కొంచెం సర్దుకోమ్మా అన్నది. పెండ్లిళ్ళు చేసే హాలొచ్చింది, అపార్ట్‌మెంట్లొచ్చినయి. అందరు గదే మాట. చెరువు ముందు సీటు చివరికి జరిగింది. తర్వాత లేచి నిలబడ్డది. తర్వాత ఏ స్టాపుల దిగిందో ఎవ్వరం చూడలే."

వకుళ టీచరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"అందరికంటే ఆఖరుకి ఒకళ్ళొచ్చిండ్రు..." అని పోశెట్టి చెప్పబోతుండగా నీలకంఠం సెల్‌ఫోను మోగింది. ఆఫీసు నుంచి. వెంటనే రమ్మంటున్నారు. నీలకంఠం చుట్టూ చూశాడు. పుట్టి సరిగ్గా పార్కు మధ్యలో ఉంది. ఇంకా పది నిమిషాల ప్రయాణం.

"నేను దిగిపోతాను" అన్నాడు.

"ఇది నడుమ చెరువు సారూ! ఇరవై అడుగుల లోతు. దిగొద్దు!" అన్నాడు పోశెట్టి. తెడ్డు అడ్డం పెట్టాడు.

నీలకంఠం నవ్వి, ఒక కాలు అంచు దాటించాడు. పుట్టిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి కేక పెట్టారు. రెండో కాలు కూడా దాటించి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, గడ్డి మీద చకచకా నడుచుకుంటూ గన్నేరు పొదల చాటుకి వెళ్ళిపోయాడు.

పుట్టి పడమటి గేటు చేరింది. పోశెట్టి రిజిస్టరు తెరిచాడు. ఎక్కినవారు ఆరుగురు. దిగినవారి గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. అబద్ధం రాయడం అతనికి చేతకాదు. చివరికి అయిదు అని రాశాడు. తేడా వస్తే ఆ రోజే పైకి తెలియజేయాలని రిజిస్టరు అట్ట మీద అచ్చువేసి ఉంది. అతను ఒక కాగితం తీసుకుని రాశాడు: "నడుమ చెరువులో ఒకరు దిగినారు. లోతు ఇరవై అడుగులు. వద్దని చెప్పినాను. పొదల తర్వాత మరల కనబడలేదు."

సాయంత్రానికి ఆ కాగితం చెరువుల శాఖకు చేరింది.

మర్నాడు నీలకంఠం పార్కుకి వచ్చేసరికి తూర్పు గేటు దగ్గర కుర్చీలు వేసి ఉన్నాయి. ఇరవై ముప్పై మంది కూర్చుని ఉన్నారు. స్టూలు మీద ఆయన ఫొటో ఉంది. అది ఆయన గుర్తింపు కార్డులోంచి పెద్దది చేయించింది కాబట్టి అందులో ఆయన కాస్త దొంగలా ఉన్నాడు. ఫొటోకి దండ వేసి ఉంది.

వకుళ టీచరు మాట్లాడుతోంది. "ఆయనతో నా పరిచయం పది నిమిషాలే. కాని ఆ పది నిమిషాలూ అంచు వదలలేదు. ఎత్తమంటే ఎత్తారు. అలాంటి అధికారి మళ్ళీ దొరకడు."

నీలకంఠం వెనక వరసలో కూర్చున్నాడు. బతికుండగా తన గురించి ఎవరూ అంత మంచిగా మాట్లాడలేదు. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు నిమిషాలు మౌనం పాటించమంటే తనూ లేచి నిలబడి పాటించాడు. అది అయ్యాక వెళ్ళి ఆవిడని పలకరించాడు.

"టీచరుగారూ, నేను చావలేదండీ."

"ఈత వచ్చా మీకు?"

"రాదు."

"ఇరవై అడుగుల నీళ్ళలో ఈత రాని మనిషి బతకడం కుదరదు. సైన్సు ఒప్పుకోదు" అంది టీచరు. ఆవిడ గొంతులో నిజంగా జాలి ఉంది.

ఇంటికి ఫోను చేశాడు. అప్పటికే ఎవరో వాళ్ళావిడకి చెప్పారట. "చెరువులో పోయారటగా. సర్లెండి, వచ్చేటప్పుడు కరివేపాకు తీసుకురండి" అందావిడ.

నీలకంఠం తిన్నగా చెరువుల శాఖకు వెళ్ళాడు. పార్కులు కూడా ఆ శాఖ కిందివే. అది ఆరంతస్తుల భవనం. గేటు మీద "చెరువులను కాపాడుకుందాం" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. శాఖకు పెద్ద అధికారిని అందరూ పెద్దసారు అనేవాళ్ళు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆయన గది కిందనే ఉండేది.

పెద్దసారు పోశెట్టి కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"నువ్వు పోయినట్టు రిపోర్టు వచ్చిందయ్యా" అన్నాడు.

"నేను మీ ఎదురుగా కూర్చున్నాను కదా సార్."

"కూర్చున్నావు. ఆ సంగతి వ్యక్తిగతంగా నాకు తెలుసు. శాఖాపరంగా తెలియదు."

"అక్కడ చెరువు లేదు సార్. గడ్డి ఉంది. నేను గడ్డి మీద నడిచాను."

పెద్దసారు లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "చూడు నీలకంఠం. మన రికార్డు ప్రకారం బుడగల చెరువు నిండుగా ఉంది. ఏటా వేసవిలో పూడిక తీయిస్తున్నాం. ఏటా వానాకాలంలో గండి పడకుండా కట్ట బలపరుస్తున్నాం. చెరువు లేదని ఇప్పుడు నువ్వంటే, ఇన్నేళ్ళూ మేం పూడిక ఎక్కడ తీసినట్టు? ఇంతకీ చెరువుల శాఖ దేనికున్నట్టు?"

నీలకంఠం మొహం తుడుచుకున్నాడు.

"చెరువు పోవాలో, నువ్వు పోవాలో ఆలోచించుకో" అన్నాడు పెద్దసారు మెత్తగా. "నువ్వు ఒక్కడివి. శాఖలో రెండువందల పద్నాలుగు మంది ఉన్నాం."

"ఇంకేం దారి లేదా సార్?"

పెద్దసారు జాలిపడ్డాడు. బీరువాలోంచి పాత నిబంధనల పుస్తకం తీసి, కళ్ళజోడు సవరించుకుని వెతికాడు. రాజుల కాలపు నిబంధన ఒకటి దొరికింది. పడవలోంచి నీళ్ళలో దిగిన మనిషి ఒడ్డు నుంచి ఒడ్డుకు ఈదగలడని ఆ చెరువు పడవవాడు తన కళ్ళతో చూసి, రాసి ఇస్తే, ఆ మనిషి బతికి ఉన్నట్టే లెక్క.

"అదే చెయ్యి. అప్పటిదాకా ఎక్కడా సంతకాలు పెట్టకు. పోయినవాళ్ళ సంతకం చెల్లదు" అన్నాడు పెద్దసారు.

నీలకంఠం మళ్ళీ పార్కుకి వచ్చాడు. పోశెట్టి పుట్టి పక్కన కూర్చుని సద్ది విప్పుకుంటున్నాడు. ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. ఆ మొహం చూస్తే రాత్రంతా నిద్రపోలేదని తెలుస్తోంది.

"పోశెట్టీ, నాకు ఈత వచ్చని ఒక్క ముక్క రాసివ్వు" అన్నాడు నీలకంఠం.

"మీకు రాదు గద సారూ."

"రాదు. రాస్తే నీకు పోయేదేముంది?" అని నీలకంఠం జేబులోంచి రద్దు ఉత్తర్వు తీశాడు. "ఇది చూడు. నీ ఉద్యోగం తీసేస్తూ రాశాను. నువ్వు అది రాసిస్తే నేను ఇది చింపేస్తాను."

పోశెట్టి ఆ కాగితం వంక చూశాడు. చెయ్యి చాపలేదు. "మా నాయిన పోయేటప్పుడు ఒకటే మాటన్నడు సారూ. ఎక్కినోళ్ళను లెక్కపెట్టుకో, దిగినోళ్ళను లెక్కపెట్టుకో అన్నడు. ఈత రానోనికి వచ్చని రాస్తే, రేపు ఆ కాయితం నమ్మి మీరు దిగుతరు. అప్పుడు ఎవరు జిమ్మేదారు? ఉద్యోగం మీ ఇష్టం. ఈత మాత్రం నేర్చుకోవాలె. నేను నేర్పిస్త."

నీలకంఠం కాగితం జేబులో పెట్టుకుని, బూట్లు విప్పాడు.

పన్నెండు రోజులు ఆయన గడ్డిమీద బోర్లా పడుకుని ఈత నేర్చుకున్నాడు. మొదటిరోజు మోచేతులు కొట్టుకుపోయాయి. మూడోరోజు చీమలు కుట్టాయి. వకుళ టీచరు పుట్టిలో పోతూ "కాళ్ళు, నీలకంఠంగారూ, కాళ్ళు! చేతులొక్కటే ఆడిస్తే మునుగుతారు!" అని అరిచేది. ఆవిడ ఆయన్ని ఇంకా పోయినవాడిగానే లెక్కపెట్టేది గాని, పోయినవాళ్ళు ప్రయత్నం చెయ్యకూడదని ఎక్కడా లేదు కదా అనేది.

ఏడోరోజు ఒక వింత జరిగింది. ఆయన ముఖం నేలకానించి ఊపిరి బిగబట్టి ఉండగా, గడ్డి వేళ్ళ మధ్య తెల్లగా ఏదో కనబడింది. గోటితో తవ్వి తీశాడు. బొటనవేలంత గుల్ల.

"ఇదేంటి పోశెట్టీ?"

"నత్తగుల్ల సారూ."

"ఇక్కడికెలా వచ్చింది?"

"అది రాలే సారూ. ఇక్కడనే ఉన్నది. మనమే వచ్చినం."

నీలకంఠం ఆ గుల్లని చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాడు. దానిలోంచి కొంచెం బురద రాలింది. నల్లటి మెత్తటి బురద. వాసన చూశాడు. వాన పడ్డప్పటి మట్టి వాసన కాదు అది. వేరే ఏదో. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో కట్టమీద కూర్చుంటే వచ్చే వాసన. ఆయన మళ్ళీ బోర్లా పడుకున్నాడు. ఆ రోజు నుంచి కాళ్ళు కూడా ఆడించాడు.

పదమూడోరోజు పొద్దున పదింటికి పరీక్ష. పార్కు తూర్పు గేటు దగ్గర జనం చేరారు. నీలకంఠం నడుముకి తువ్వాలు బిగించి, ప్యాంటు చొక్కాతోనే బోర్లా పడుకున్నాడు. వకుళ టీచరు, మిగతా నలుగురూ పుట్టి ఎత్తుకున్నారు. పోశెట్టి ఒక చేత్తో తెడ్డు, ఇంకో చేత్తో లోతు చూసే గడ పట్టుకున్నాడు.

నీలకంఠం ఈదాడు. పచ్చిక దాటాడు, గన్నేరు పొదలు దాటాడు, పిల్లల ఉయ్యాలలు దాటాడు. పావుగంటకి పడమటి గేటు చేరి, రొప్పుతూ లేవబోయాడు.

"లేవొద్దు సారూ! ఒడ్డు ఇంకా రాలే" అన్నాడు పోశెట్టి.

"గేటు వచ్చేసింది కదా?"

"గేటు పార్కుది సారూ. ఒడ్డు చెరువుది."

నీలకంఠం తలెత్తి అతని మొహం చూశాడు. అందులో ఎగతాళి లేదు. ఆయన తల దించి మళ్ళీ చెయ్యి వేశాడు. గేటు కిందనుంచి రోడ్డు మీదికి వచ్చాడు. ట్రాఫిక్ కానిస్టేబులు ఒక్క క్షణం తటపటాయించి, వెనక పడవ వస్తుండడం చూసి, రెండువైపులా బండ్లు ఆపేశాడు. ఒక ఆటోవాడు మాత్రం హారన్ కొట్టాడు. "నీళ్ళల్ల హారన్ ఏందిరా?" అని పోశెట్టి కసిరాడు.

రోడ్డుకి అవతల పెళ్ళిళ్ళ హాలు. లోపల సరిగ్గా ముహూర్తం వేళ. నీలకంఠం తలుపు సందులోంచి లోపలికి ఈదుకుంటూ వచ్చి, పీటల ముందు నుంచి వెళ్ళాల్సి వచ్చింది. తలెత్తి, "కొంచెం సర్దుకోండమ్మా" అన్నాడు. పెళ్ళికూతురు చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని కాస్త జరిగింది. పెళ్ళికొడుకు కూడా జరిగాడు. పురోహితుడు మంత్రం ఆపకుండానే పుట్టి మీద నాలుగు అక్షతలు వేశాడు. వకుళ టీచరు దీర్ఘసుమంగళీభవ అని దీవించి, అంచు మళ్ళీ ఎత్తుకుంది.

తర్వాత అపార్ట్‌మెంట్ల కింద స్కూటర్ల మధ్యనుంచి వెళ్ళారు. అక్కడ వాచ్‌మన్ విజిటర్ల పుస్తకంలో సంతకం చెయ్యమన్నాడు. "పోయినవాళ్ళ సంతకం చెల్లదు" అని నీలకంఠం ఈదుతూనే చెప్పాడు. వాచ్‌మన్ భయపడి గేటు తీశాడు.

గేటు అవతల ఆరంతస్తుల భవనం. దాని మీద రాసిన అక్షరాలు నీలకంఠానికి కింద నుంచి చూస్తే ఇంకా పెద్దవిగా కనిపించాయి.

ఆయన ఈత ఆపాడు. "పోశెట్టిగారూ," అన్నాడు. ఆయన గారూ అనడం అదే మొదటిసారి. "ఆ రోజు మీరు ఆఖరున ఒకళ్ళొచ్చారని చెప్పబోయారు. వాళ్ళెవరు?"

పోశెట్టి గడతో భవనం వైపు చూపించాడు. "చెరువుల ఆఫీసు సారూ. చెరువు దగ్గరుంటే కాపాడుడు సులువైతదని వచ్చిండ్రు. కొంచెం సర్దుకోమ్మా అన్నరు."

నీలకంఠం వరండాలోకి ఈదాడు. గుమాస్తాలు బల్లల మీంచి వంగి చూశారు. వరండా చివర పెద్దసారు గది. తలుపు తెరిచే ఉంది.

పెద్దసారు ఫైలు చూస్తున్నాడు. తన గడప మీదుగా బోర్లా వస్తున్న నీలకంఠం, వెనకే తలుపులో పట్టక పుట్టిని పక్కకి తిప్పి లోపలికి తోస్తున్న అయిదుగురూ, పోశెట్టీ కనిపించారు. ఆయన తేరుకుని నవ్వాడు.

"శభాష్! చాలయ్యా, చాలు. ఇక లే. పోశెట్టీ, రాసిచ్చెయ్యి" అన్నాడు.

"ఒడ్డు ఇంకా రాలే సారూ" అన్నాడు పోశెట్టి. గడని పెద్దసారు బల్ల పక్కన నిలబెట్టి, కళ్ళు మూసుకుని ఏదో లెక్క చూసుకున్నాడు. "కట్ట పక్కకొచ్చినం గద, ఇక్కడనే లోతు ఎక్కువ. ముప్పై ఆరు అడుగులు."

నీలకంఠం ఆగలేదు. పెద్దసారు కుర్చీ పక్కనుంచి, వెనక తలుపులోంచి, క్యాంటీనులోకి వెళ్ళాడు. క్యాంటీను గోడలో పాతకాలపు నల్లరాతి స్తంభాలు రెండు ఉన్నాయి. వాటి మధ్య తాడు కట్టి గిన్నెలు తుడిచే గుడ్డలు ఆరేస్తారు. అది చెరువు తూము. నీలకంఠం చెయ్యి చాపి ఆ రాయిని ముట్టుకున్నాడు.

"ఒడ్డు!" అన్నాడు పోశెట్టి.

నీలకంఠం లేచి నిలబడ్డాడు. చొక్కా ముందుభాగమంతా గడ్డిపసరు, తారు, పసుపు, ఇంజనాయిలు. వకుళ టీచరు ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసి, "బతికారు" అంది. పుట్టిలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇడ్లీలు వేస్తున్న వంటమనిషి కూడా, విషయం తెలియకపోయినా, కొట్టాడు.

పోశెట్టి రిజిస్టరు తెరిచి, పదమూడు రోజుల కిందటి పేజీలో అయిదు కొట్టేసి ఆరు రాశాడు. తర్వాత ధ్రువపత్రం రాసి నీలకంఠం చేతికిచ్చాడు. నీలకంఠం దాన్ని పెట్టుకోవడానికి జేబులో చెయ్యి పెడితే లోపలున్న కాగితం తగిలింది. బయటికి తీశాడు. నేల మీద అంతదూరం రాసుకుని రాసుకుని, దాని మీద ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

"ఏం రాసుండె సారూ?" అన్నాడు పోశెట్టి, తెలియనట్టు.

"ఏమో, గుర్తులేదు" అన్నాడు నీలకంఠం. దాన్ని ఉండచుట్టి పొయ్యిలో వేశాడు.

వాళ్ళు మళ్ళీ పెద్దసారు గదిలోకి వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. గడ నిలబెట్టిన చోటికేసి చూస్తున్నాడు.

"ఎంతన్నావు?" అన్నాడు.

"ముప్పై ఆరు సారూ."

"నిండుగా ఉన్నప్పుడా?"

"నిండుగనే ఉన్నదని మీరే రాసిండ్రట గద సారూ."

పోశెట్టి రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి, వినయంగా అడిగాడు. "ఈ బిల్డింగుల మొత్తం ఎంతమంది ఉన్నరు సారూ?"

"రెండువందల పద్నాలుగు" అన్నాడు నీలకంఠం, ఆయన బదులు.

పోశెట్టి ఆ అంకెను ఎక్కినవారి గడిలో పెట్టాలా దిగినవారి గడిలో పెట్టాలా తెలియక, కలం పట్టుకుని ఆగిపోయాడు. గుమ్మం దగ్గర గుమాస్తాలు ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూస్తున్నారు. వాళ్ళలో వెనకున్నవాడు మెల్లగా ఒక స్టూలెక్కాడు. అతన్ని చూసి పక్కవాడు బల్లెక్కాడు. పెద్దసారు ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు నేల మీంచి తీసి, నొప్పికి మూలుగుతూ, కుర్చీలో మఠం వేసుకున్నాడు.

అంతలో అటెండరు టీ తెచ్చాడు. గడప దగ్గర ఆగి, అందరి మొహాలూ చూశాడు. ట్రే పక్కన పెట్టి, ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడుచుకున్నాడు. తర్వాత ట్రేని నెత్తిన పెట్టుకుని, ఒక్కొక్క అడుగే తడుముకుంటూ లోపలికి వచ్చాడు.